నిప్పును కనిపెట్టుకుని ఉండటం

దేవుడికి నివేదించే అన్నం ఉడుకుతున్నంతసేపూ వండేవాడు పొయ్యి దగ్గరే ఉండాలా? వేడిని యంత్రం చూసుకుంటూ, వండేవాడు పక్కగదిలో సహస్రనామం చదువుకుంటూ కూర్చుంటే ఆ అన్నం ఎవరు వండినట్టు? విశాఖపట్నం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ ఈ మాట అడిగింది. ఆవిడ వేళాకోళానికి అడగలేదు, నేనూ తేలిగ్గా తీసుకోలేదు. మా ఇంట్లో మహానైవేద్యం వండేది నేనే. నా ఉద్యోగం కూడా ఇలాంటి యంత్రాలతోనే.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. రిఫైనరీలో వేడినీ ఒత్తిడినీ కొలిచే పరికరాలు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూసి, లేకపోతే సరిచేయడం నా పని. మా నాన్నదీ రిఫైనరీ ఉద్యోగమే, విశాఖ కాల్టెక్స్‌లో. 1957లో మొదలైన ఆ కర్మాగారాన్ని 1976లో ప్రభుత్వం తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. పేరు మారినా మా ఇంట్లో మాత్రం అది కాల్టెక్సే. బహ్రెయిన్ చమురు కూడా 1936 నుంచి చాలాకాలం ఆ కాల్టెక్స్ కుటుంబం చేతిలోనే ఉండేది. అంచేత బహ్రెయిన్‌లో ఇప్పుడు మేముంటున్న అవాలి నాకు మరీ పరాయి ఊరనిపించదు.

ఈ ఊరిని కట్టించింది చమురే. 1932లో జబల్ అద్-దుఖాన్ కొండ పాదాన బావిలో చమురు పడింది. గల్ఫ్‌లో అరబ్బుల తీరాన అదే మొదటిది. కొద్ది ఏళ్ళకే చమురు కంపెనీ తన అమెరికన్, బ్రిటిష్ ఉద్యోగుల కోసం ఎడారి మధ్యలో ఇళ్ళు, క్లబ్బు, చెట్లతో ఈ ఊరు వేసింది. కరెంటు కూడా అమెరికా లెక్కనే ఇచ్చారు. దేశమంతటా 230 వోల్టులు, 50 సైకిళ్ళు అయితే అవాలిలో 110 వోల్టులు, 60 సైకిళ్ళు. అందుకని అమెరికా వంటింటి సామాను ఇక్కడ నేరుగా పనిచేసేది. మేముంటున్న ఇంట్లో అలాంటి పాత ఎలక్ట్రిక్ పొయ్యి ఒకటి ఉంది. ఇంటివాళ్ళు తీసేసి కొత్తది పెడతామన్నారు. నేనే ఉండనివ్వమన్నాను.

దాని చుట్టల్లో ఒకటి మిగతావాటిలా ఉండదు. నడిమధ్యన ఒక లోహపు బిళ్ళ, దాని కింద స్ప్రింగు. గిన్నె పెట్టగానే బిళ్ళ కాస్త దిగి, అడుగును పైకి నొక్కుతూ అంటుకుని ఉంటుంది. బిళ్ళ లోపల ద్రవం నింపిన బల్బు, అక్కణ్ణుంచి మీట దాకా సన్నటి కేపిలరీ గొట్టం. గిన్నె వేడెక్కితే ద్రవం వ్యాకోచిస్తుంది, మీట వెనకున్న డయాఫ్రమ్ ఉబ్బుతుంది, కరెంటు కాంటాక్టు విడిపోతుంది. చల్లబడితే మళ్ళీ కలుస్తుంది. మీట మీద ఫారెన్‌హీట్ అంకెలు. 1950లలోనూ 60లలోనూ అమెరికాలో వీటికి గొప్ప ఆదరణ ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు సెన్సీ-టెంప్ అన్నారు, ఫ్రిజిడేర్ వాళ్ళు హీట్-మైండర్ అన్నారు. గ్యాసు పొయ్యిలవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి తమది మెదడున్న బర్నర్ అని ప్రకటించుకున్నారు. అమ్మ ప్రశ్న అసలు ఆ మెదడు గురించే.

దానికి వచ్చేముందు గిన్నెల సంగతి చెప్పాలి. ఎందుకంటే నాకు జవాబు దొరికింది గిన్నెల దగ్గరే.

అమ్మ ఊరికే రాలేదు. కళాయి పోయించిన ఇత్తడి గిన్నె, పులుసుకి రాచ్చిప్ప, చారుకి తగరపు సత్తు గిన్నె వెంట తెచ్చింది. ఇవన్నీ మంట కోసం పుట్టినవి. మూడు రాళ్ళ పొయ్యికి గుండ్రటి అడుగే మేలు. గిన్నె మూడుచోట్ల ఆనితే చాలు, మంట తనే చుట్టూ పాకి అందుకుంటుంది. ఈ చుట్టకు అలా కాదు, అడుగు బల్లపరుపుగా ఉండాలి. స్టీలు స్కేలును అడుగు మీద నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తాను. సందులోంచి వెలుగు కనిపించిందంటే ఆ గిన్నె మీద బిళ్ళ సరిగ్గా ఆనదు. ఆనకపోతే వేడి దానికి ఆలస్యంగా, తక్కువగా తెలుస్తుంది. అది ఇంకా చాలలేదనుకుని కరెంటు ఇస్తూనే ఉంటుంది, అడుగంటుతుంది. మన ఇళ్ళలో ఏళ్ళతరబడి వాడిన గిన్నెల్లో నడుమ సొట్టో ఉబ్బో లేనిది అరుదు.

అడుగు చదునుగా ఉంటే సరిపోదు, లోహం కూడా చూసుకోవాలి. వేడిని పంచే గుణం రాగికి సుమారు 400 అనుకుంటే అల్యూమినియానికి 235, ఇత్తడికి 110 దరిదాపు, పోత ఇనుముకి 50, స్టెయిన్‌లెస్ స్టీలుకి 15. పలచటి స్టీలు గిన్నె పెడితే చుట్ట ఆనినచోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. మధ్యనున్న బిళ్ళకు ఈ రెండూ తెలియవు, దానికి తెలిసింది మధ్యభాగమే. మందపాటి అల్యూమినియం గిన్నె దీనికి బాగా కుదురుతుంది. ఇత్తడి, అడుగు సరిగ్గా ఉంటే, ఫరవాలేదు. రాచ్చిప్పతో మాత్రం కష్టం. రాయి అడుగున వేడెక్కి, ఆ వేడిని పైకి పంపడానికి తన సమయం తను తీసుకుంటుంది. ఈలోగా బిళ్ళ ఆ అడుగు మాట నమ్మి కరెంటు ఆపేస్తుంది. పైన పులుసు గోరువెచ్చగా ఉంటుంది. రాచ్చిప్పను ఈ చుట్ట మీద పెట్టవద్దని అమ్మకు చెప్పేశాను.

సత్తు గిన్నె సంగతి ఇంకా సున్నితం. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది. ఇత్తడి గిన్నె లోపలి కళాయి కూడా తగరమే. ఈ మీట లెక్కలో ఆ 232 డిగ్రీలు 450 ఫారెన్‌హీట్. ఖాళీ సత్తు గిన్నె పొయ్యి మీద పెడితే కరిగి కారిపోతుందని మన పెద్దవాళ్ళు భౌతికశాస్త్రం చదవకుండానే తెలుసుకుని, ముందు నీళ్ళు పోసి తర్వాత పొయ్యి మీద పెట్టడం నేర్పారు. నీళ్ళున్నంతసేపూ అడుగు నూరు డిగ్రీలు దాటి ఎంతో పోలేదు. అక్కడ గిన్నెను కాపాడేది పొయ్యి నిగ్రహం కాదు, లోపలున్న చారు.

ఇక అమ్మ అభ్యంతరాలు. మొదటిది అగ్ని గురించి. “పొగ లేదు, మంట లేదు, చమురు లేదు, కట్టె లేదు. ఇది అగ్నేనట్రా?” అంది. దీనికి జవాబు మన తెలుగువాడే ఇచ్చాడు. తర్కం మొదలుపెట్టేవాళ్ళందరూ చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని ఊహించడం, దానికి వంటిల్లు దృష్టాంతం కావడం తర్కం ఓనమాలు. ఆ తర్వాత ఆయన చూపించే మెలిక నాకు ఎంతో ఇష్టం. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, కానీ నిప్పు ఉంటే పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడు, పొగ ఏదీ? పొగ నిప్పుది కాదు, తడికట్టెది. మా పొయ్యి చుట్ట అచ్చంగా ఆ ఇనుప గుండే. ఇక్కడి కొండ మీద ఉక్క రోజుల్లో కమ్మే మసక దూరానికి పొగలాగే కనిపిస్తుంది. దాని కింద ఏ మంటా లేదు. పొగను బట్టి నిప్పును ఒప్పుకోవడం, పొగ లేదని నిప్పును కాదనడం రెండూ ఒకటి కావు. ఇదంతా చెబితే అమ్మ శ్రద్ధగా విని, “సరే, అగ్నే” అంది. తర్కం చదువుకోని మనిషి అంత నిజాయితీగా ఒప్పుకోవడం చూసి నాకు సంతోషం కలిగింది.

కానీ రెండో ప్రశ్న అక్కడే పుట్టింది. “అగ్ని అయితే దాన్ని కనిపెట్టుకుని ఉండాలి కదా. ఇక్కడ కనిపెట్టుకుని ఉన్నది ఎవరు నాయనా? నువ్వా, ఆ బిళ్ళా?”

ముందు ఆ బిళ్ళకు ఏం తెలుసో చూద్దాం. ఇంద్రియానికీ వస్తువుకూ సంబంధం కుదిరితేనే ప్రత్యక్ష జ్ఞానం పుడుతుందని గౌతముడి న్యాయసూత్రాలు మొదట్లోనే చెబుతాయి. నా వృత్తిలో ఇది రోజూ చూసే నిజం. రిఫైనరీ పైపులో కాగుతున్న నూనెలోకి థర్మోకపుల్‌ను నేరుగా దించం, థర్మోవెల్ అనే లోహపు తొడుగులో పెడతాం. కొన తొడుగు అడుగును నొక్కి ఉండాలి, అందుకే స్ప్రింగు పెడతారు. మధ్యలో సందు ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది. కంట్రోల్ రూములో తెర మీద అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కొలిమి మాత్రం కావలసినదానికన్నా ఎక్కువ మండుతూ ఉంటుంది. తాకకుండా తెలుసుకున్నాననుకోవడం కన్నా తెలియదని ఊరుకోవడం క్షేమం.

మా పొయ్యి బిళ్ళ తాకుతుంది. అది దాని గొప్ప. కానీ దేన్ని తాకుతోంది? గిన్నెను. అన్నాన్ని కాదు. గిన్నె వేడినే అన్నం వేడిగా తీసుకుని దానిని బట్టి నడుచుకుంటుంది. అన్నంభట్టు చూపించిన ఇనుప గుండునే వేదాంతులు సరిగ్గా ఈ పొరపాటు చెప్పడానికి వాడారు. కాలిన గుండును చూసి ఇనుము కాలుస్తోందంటాం, నిప్పు గుండ్రంగా ఉందంటాం. కాల్చే గుణం ఇనుముది కాదు, గుండ్రదనం నిప్పుది కాదు. రెండూ అంటుకుని ఉండటం వల్ల ఒకదాని గుణం ఇంకొకదానిదిగా తోస్తుంది. దేహం వేడిని నా వేడి అనుకోవడం, దేహం అలసటను నా అలసట అనుకోవడం అలాంటివే. ఈ పొరపాటు, వేదాంతుల మాటలో అధ్యాస, బిళ్ళకు తప్పదు, ఎందుకంటే దానికి గిన్నె తప్ప లోకం లేదు. మూత తీసి చూడగలిగేవాడికి మాత్రం తప్పించుకునే దారి ఉంది.

అన్నం దగ్గర ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఎసరు మరగడం మొదలైన క్షణం నుంచి మెతుకు ఉడికేదాకా నీటి వేడి నూరు డిగ్రీలే. బియ్యం పలుకుగా ఉన్నప్పుడూ నూరే, మెత్తబడినప్పుడూ నూరే. అంటే ఉడికిందా లేదా అనే సంగతి వేడిని కొలిచేవాడికి ఎన్నటికీ తెలియదు. నీరు పూర్తిగా ఇంకాక అడుగు నూరు దాటుతుంది, అప్పుడు మాత్రమే పరికరానికి కబురు అందుతుంది. 1955లో తోషిబా తెచ్చిన ఆటోమేటిక్ రైస్ కుక్కర్ కనిపెట్టింది కూడా నీళ్ళు అయిపోవడాన్నే, అన్నం ఉడకడాన్ని కాదు. ఇంకా ఉడుకుతోంది, ఉడికింది అనే రెండు మాటల మధ్య ఉన్నదంతా రెండు వేళ్ళ మధ్య నలిపి చూసిన మెతుకే చెప్పాలి.

పాల దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. మేము ఈ ఇంట్లో చేరేటప్పుడు పాలు పొంగించాం. మీటను మరుగు కన్నా ఒక పిసరు కిందికి పెడితే ఈ చుట్ట పాలను గంటల తరబడి పొంగకుండా, మాడకుండా పట్టి ఉంచుతుంది. రోజూ పాలు కాచుకునేవాడికి ఇంతకన్నా మేలు లేదు. గృహప్రవేశానికి మాత్రం దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ఆ రోజు కావలసింది హద్దులో ఉండటం కాదు, అంచు దాటడం. సంక్రాంతి పొంగలికీ అంతే. అందుకే గృహప్రవేశం నాడు ఆటోమేటిక్ చుట్ట పక్కన పెట్టి పాలను మామూలు చుట్ట మీద పెట్టాం, అమ్మ దాని ముందు నిలబడింది, పాలు లేచి అంచు మీదుగా జారాయి, ఇల్లంతా కమ్మటి వాసన వచ్చింది. పొయ్యి తుడవడానికి చాలాసేపు పట్టింది. మితమే ధర్మమని బోధించే మన సంప్రదాయమే, ఇల్లు మొదలుపెట్టేటప్పుడు మితం దాటమని అడుగుతుంది. ఏ రోజు పొంగాలో, ఏ రోజు పొంగకూడదో మీటకు తెలియదు. తెలుసుకోమని దాన్ని అడగడం కూడా న్యాయం కాదు.

ఇక్కడే నిగ్రహం మాట వస్తుంది. ఈ పొయ్యిని చూసినవాళ్ళు ఎంత నిగ్రహమో అంటారు. నేను ఒప్పుకోను. దీనికి మధ్యస్థం లేదు. వెలిగితే పూర్తిగా వెలుగుతుంది, ఆరితే పూర్తిగా ఆరుతుంది, పెట్టిన అంకెకు అటూ ఇటూ ఊగుతుంది. మా పనిలో ఈ ఊగడాన్ని హంటింగ్ అంటాం. గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుణ్ణి చెబుతూ కృష్ణుడు తాబేలు అవయవాలు ముడుచుకున్నట్టు ఇంద్రియాలను వెనక్కి తీసుకోవడాన్ని చెబుతాడు. అక్కడితో ఆగడు. తినడం మానినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీద రుచి మిగిలే ఉంటుందనీ, పరమాన్ని చూశాకే ఆ రుచీ పోతుందనీ వెంటనే హెచ్చరిస్తాడు. పొయ్యికి మొదటి సగమే వచ్చు, ముడుచుకోవడం. మిగిలిపోయే రుచి దానికి లేదు, కాబట్టి జయించవలసిందీ లేదు. కోరిక లేనిచోట ఆగడాన్ని నిగ్రహమనడం, ఆకలి లేనివాడి ఉపవాసాన్ని తపస్సనడం ఒకటే. ఏకాదశినాడు ఇంగువ పోపు వాసనకు నోరూరినా ఆగిన మనిషి దగ్గరే ఆ మాటకు విలువ.

మా వీధి చివర గుంటూరు ప్రాంతపు కతోలికుడు ఒకాయన ఉంటాడు. అవాలిలోనే ఉన్న అరేబియా మాత కెథడ్రల్‌కు శుక్రవారం పూజకు వెళ్తాడు. 2021 డిసెంబరు 10న ప్రతిష్ఠ చేసిన ఆ గుడి గుడారం ఆకారంలో ఉంటుంది. మరుసటి ఏడు నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చాడు. అమ్మ ప్రశ్న ఆయనతో పంచుకుంటే, పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో ఒక కార్మలైట్ మఠం వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్ గురించి చెప్పాడు. గిన్నెల చప్పుళ్ళ మధ్య ఉన్నప్పుడూ ప్రార్థనలో మోకరిల్లినప్పుడూ దేవుడి సన్నిధి ఒక్కలాగే ఉండటం ఆయన సాధన. మా పొరుగాయన అభిప్రాయం ప్రకారం శ్రద్ధ పొయ్యి మీద ఉండనక్కర్లేదు, దేవుడి మీద ఉంటే పొయ్యి దానంతటదే సవ్యంగా నడుస్తుంది. నేను సగమే ఒప్పుకున్నాను. మనసు దేవుడి మీద ఉండి పప్పు మాడితే ఆ మాడిన పప్పే కదా దేవుడి ముందు పెట్టాలి.

అమ్మ ఇంకోలా చెప్పింది. అమ్మ పుట్టిల్లు కోనసీమ. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి మాట ఆ ఇళ్ళలో ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది. 1909లో ఆవిడ పోయేదాకా ఏ వేళకు గోదావరి దాటి ఎవరొచ్చినా అన్నం దొరికేది. “సీతమ్మగారు పొయ్యిని కాచుకుని కూర్చోలేదురా, వచ్చేవాళ్ళకోసం చూస్తూ ఉండేది” అంది అమ్మ. తను అడిగిన ప్రశ్నకు తనే ఇంత చక్కటి జవాబు చెప్పిందని అమ్మ గమనించలేదు.

కనిపెట్టుకుని ఉండటం అంటే మంట వైపు చూస్తూ ఉండటం కాదు. మంట వైపు చూడటం దానికి ఒక మార్గం, కట్టెల పొయ్యి కాలంలో తప్పనిసరి మార్గం. కట్టె ఎగదోయకపోతే ఆరిపోయేది, లాగకపోతే మాడిపోయేది. ఆ పని ఇప్పుడు బిళ్ళ చేస్తోంది, బాగానే చేస్తోంది. దాన్ని దాని పని చేసుకోనివ్వాలి. మిగిలిన పని పెద్దది. గిన్నె ఎంచడం, అడుగు చూడటం, ఆనిందో లేదో వంగి చూసుకోవడం, సత్తు గిన్నెలో చారు ముందు పోయడం, మూత తీసి మెతుకు పట్టి చూడటం, ఎవరి కోసం వండుతున్నామో మరవకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ యంత్రానికి అప్పగించడానికి వీల్లేదు. అప్పగించామనుకున్నవాళ్ళు అన్నం కాదు, వేడి మాత్రమే వండుతున్నారు.

అందుచేత నా మాట ఇది. ఆటోమేటిక్ పొయ్యి మీద వండిన అన్నం మహానైవేద్యానికి పనికొస్తుంది. గదిలో కూర్చుని సహస్రనామం చదువుకోవచ్చు, దోషం లేదు. పొయ్యి మీద మీట పెట్టి తాళం వేసుకుని బయటికి వెళ్ళిపోతే మాత్రం ఆ అన్నం తినడానికి పనికొస్తుంది, నివేదించడానికి కాదు. గల్ఫ్‌లో ఇలాంటి పాత పొయ్యి ఉన్న ఇల్లు దొరికిన తెలుగువాళ్ళెవరైనా ఉంటే, ఊరి నుంచి గిన్నెలు తెప్పించుకునేముందు అడుగుకు స్కేలు పెట్టి చూడమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. రాచ్చిప్ప అక్కడే ఉంచండి. పాలు పొంగించే రోజు ఆ చుట్ట వాడకండి.